స్ప్లెండరీయము (టీకా తాత్పర్య సహితము)

అవతారిక

సొంత బండికి పదిహేనేళ్లు నిండాక, ఇంకో అయిదేళ్ల ఆయుర్దాయం కోసం యజమాని దాన్ని వెంటబెట్టుకుని రవాణా కార్యాలయానికి పోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 41వ సెక్షనులో ఉన్న లెక్క ఇది. మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్లకు, ఆపైన ప్రతి పొడిగింపూ 5 ఏళ్లకు. పొడిగించే ముందు బండిని ఎవరో ఒకరు చూడాలి. ఆ చూసేవారిని చట్టం మోటారు వాహనాల తనిఖీ అధికారి అంటుంది, జనం బ్రేకిన్‌స్పెక్టరు అంటారు. ఈ వ్యాఖ్యాత జనం పక్షమే.

అలాంటి ఒక బ్రేకిన్‌స్పెక్టరు దరఖాస్తు మూలన నీలం బాల్‌పెన్నుతో రాసిన పన్నెండు వాక్యాలే ఇక్కడ మూలం. కవి నామం తెలియదు. సంతకమైతే ఉంది గానీ దానికి వేరే వ్యాఖ్య కావాలి. కాలం మాత్రం తేల్చవచ్చు: బండి 2009లో ఏపీ 36 సిరీసులో, అంటే ఉమ్మడి రాష్ట్రపు వరంగల్లు జిల్లాలో రిజిస్టరయింది, కనుక కృతి 2024 నాటిది. ఆ ఏడాది మార్చిలోనే తెలంగాణ కొత్త బళ్లకు టీఎస్ పోయి టీజీ వచ్చింది. మన బండి తన ఏపీ పలకతోనే టీఎస్ రావడమూ చూసింది, పోవడమూ చూసింది.

నాయక నిర్ణయానికి చర్చ అక్కర్లేదు, ట్యాంకు మీదే రాసి ఉంది: హీరో హోండా స్ప్లెండర్ ప్లస్, 97.2 సీసీ. 1984లో జతకట్టిన ఆ రెండు కంపెనీలు 2010 డిసెంబరులో విడిపోవడానికి ఒప్పుకున్నాయి, మరుసటి ఏడు హీరో మోటోకార్ప్ అయింది. ట్యాంకు మీది పేరుతో ఇవాళ కంపెనీ లేదు, బండి ఉంది.

మెదక్ జిల్లా కొల్చారం వాడిగా చెప్పుకునే మల్లినాథసూరి, భారవి కిరాతార్జునీయానికి రాసిన వ్యాఖ్యకు ఘంటాపథమని పేరు పెట్టాడు. రాచబాట అని అర్థం. పెద్దాయన బాట వేసి వెళ్లాడు. దాని మీద ఏ బండి తిరగవచ్చో తేల్చే పని మాబోటి వాళ్లకు మిగిలింది. అందుచేత ఈ వ్యాఖ్యకు పునర్నవీకరణి అని నామకరణం చేయడమైనది.

మూలము

ము. బ్రేకు నామమాత్రం. వె. టైరు గుండు. చైను లూజు. లైటు డిమ్. హారన్ వీక్. ఇండికేటర్లు పని చేయవు. స్టాప్ లైటు వెలగదు. అద్దాలు లేవు. చీర గార్డు లేదు. పొగ కలదు. ఛాసిస్ నం. తుప్పు. సరిచేసి తేవలెను.

ఛందస్సు: గద్యం. యతిస్థానంలో ఫుల్‌స్టాపు. డిమ్, వీక్, లూజు అన్యదేశ్యాలు కావా అంటే, రవాణా శాఖలో అవి తత్సమాలు.

సంగతి: ఈ వాక్యాల వరస యాదృచ్ఛికం కాదని గ్రహించాలి. ప్రాణం తీసేవి ముందు, జరిమానా తెచ్చేవి నడుమ, దస్త్రానికి కావలసింది చివర. కవి ఉద్దేశం ఈ క్రమంలోనే ఉంది. కాగితం చేతికి రాగానే యజమాని దాన్ని కింది నుంచి పైకి చదువుతాడు. అనర్థమంతా ఆ పఠన పద్ధతి వల్ల వస్తున్నది.

ము. బ్రేకు నామమాత్రం

టీక: ము. = ముందరి చక్రమునందలి; బ్రేకు = వేగమును నిరోధించు సాధనము; నామమాత్రం = పేరునకు మాత్రమే (ఉన్నది అని అధ్యాహారము).

తాత్పర్యం: కుడిచేతి లీవరును ఎంత గట్టిగా నొక్కినా బండి తన దారిన తాను పోతున్నదని భావము.

ఆక్షేపం: వాడితే కదా వస్తువు పాడయ్యేది? ఈ యజమాని పదిహేనేళ్లలో ముందు బ్రేకు పట్టిన పాపాన పోలేదు. వాడని బ్రేకు నామమాత్రం ఎట్లయింది?

సమాధానం: వాడకపోవడం చేతనే అయింది. తీగకు తొడుగులోపల తుప్పు పట్టింది. డ్రమ్ములో షూలను తోసే కామ్ గ్రీసు ఎండి బిగిసింది. లైనింగు అరగలేదు గానీ గాజులా నునుపుదేరింది. వెనక బ్రేకు అతివినియోగంతో చెడింది, ముందు బ్రేకు అవినియోగంతో చెడింది. దీని మూలం వెతికితే మెకానిక్కు షెడ్డులో దొరకదు, బండి నేర్చుకున్న మైదానంలో దొరుకుతుంది. అక్కడ ప్రతి మేనమామా మేనల్లుడికి చేసే మొదటి ఉపదేశం ఇది: "ఒరేయ్, ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావ్." ఉపదేశం పొందినవాడు ఇక జన్మంతా కుడికాలితోనే ఆపుతాడు.

మేనమామ అనుభవం అబద్ధం కాదు. ఇసుక మీదో, తడి రోడ్డు మీదో, హ్యాండిలు తిప్పి మలుపులో ఉన్నప్పుడో ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం జారుతుంది, మనిషి పడతాడు. అయితే ఆయన ఆ ఒక్క సందర్భాన్ని పట్టుకుని సార్వత్రిక సూత్రం చేశాడు. తార్కికులు దీన్ని అతివ్యాప్తి దోషమంటారు. తిన్నని రోడ్డు మీద బండిని ఆపుతున్నప్పుడు బరువు ముందుకు తూగుతుంది. ముందు టైరు నేలను గట్టిగా పట్టుకుంటుంది, వెనకది తేలికపడుతుంది. తేలికపడ్డ చక్రాన్ని ఎంత తొక్కినా అది తిరగడం మానుతుందే గాని బండి ఆగదు, ఈడ్చుకుపోతుంది. ఆపే శక్తిలో పెద్దభాగం ముందు చక్రానిదే. మన యజమాని ఆ పెద్దభాగాన్ని వదిలేసి, చిన్నభాగంతో పదిహేనేళ్లు నెట్టుకొచ్చాడు. దాన్ని నైపుణ్యమనాలో అదృష్టమనాలో వ్యాఖ్యాత తేల్చలేడు.

చివరకు ప్రభుత్వం కూడా మేనమామతో వాదించి గెలవలేమని అనుకుందో ఏమో, పెడలుకే ఉపాయం పన్నింది. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లలో 125 సీసీ దాటినవాటికి ఏబీఎస్, అంతకు లోపలివాటికి కనీసం కంబైన్డ్ బ్రేకింగు తప్పనిసరి. రెండోదానిలో వెనక బ్రేకు తొక్కితే ముందు చక్రానికీ కొంత పట్టు పడుతుంది. తొక్కేవాడికి తెలియకుండానే మేనమామ మాట తప్పుతాడన్నమాట. 2009 నాటి బండికి ఆ యోగం లేదు.

టిప్పణి: డ్రమ్ము ప్లేటు పక్కన బ్రేకు ఆర్మ్ మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు ఆ బాణం ప్లేటు మీది గీతను చేరితే లైనింగు అయిపోయిందని కంపెనీ రాసిచ్చిన వ్యాఖ్య. ఆ తరువాత నట్టు బిగించడం వృథా, షూలు మార్చాలి. మన బండిలో బాణం గీతకు ఇంకా దూరంగానే ఉంటుంది. అయినా బ్రేకు పడదు. ఇక్కడ కావలసింది కొత్త కేబులు, కామ్‌కు గ్రీసు, నునుపుదేరిన షూలకు మార్పిడి. మొత్తం కాగితంలో అతి చవకగా, అతి త్వరగా బాగుపడే ప్రాణాంతక దోషం ఇదే.

వె. టైరు గుండు

టీక: వె. = వెనుకటి; టైరు = రబ్బరు చక్రకవచము; గుండు = గాళ్లు లేనిది, నున్ననిది.

తాత్పర్యం స్పష్టం. విశేషమేమంటే, ఈ దోషాన్ని కవి కంటితో చూసి చెప్పినా దీనికి చట్టంలో కొలత ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వది ద్విచక్ర, త్రిచక్ర వాహనాల టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటరుకు తగ్గరాదంటుంది; తక్కిన బళ్లకు 1.6. గాడి అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మెలుంటాయి, అరుగుదల వాటి దాకా వస్తే టైరు కాలం చెల్లింది. పొడి రోడ్డు మీద గుండు టైరు ఏ తేడా లేకుండా నడుస్తుంది, అందుకే యజమాని నమ్మడు. గాళ్ల పని నీటిని పక్కకు నెట్టడం. తొలకరి పడ్డ రోజున ఎండాకాలపు నూనె, దుమ్ము, నీళ్లు కలిసిన రోడ్డు మీద ఆ పని చేసేవాడు లేకపోతే టైరుకూ రోడ్డుకూ నడుమ నీటి పొర మిగులుతుంది. తిరుమలలో ఇచ్చిన జుట్టు మూడు నెలల్లో వస్తుంది, టైరుకు ఆ వరం లేదు.

మధ్యలో మాత్రమే చదునుగా అరిగి, అంచుల్లో గాళ్లు మిగిలి ఉంటే బండి ఎప్పుడూ తిన్నని రోడ్డు మీదే తిరిగిందని అనుమానం. ఆ అంచులు చూపించి "ఇంకా ఉంది సార్" అనే యజమానులున్నారు. నేలను తాకేది మధ్యభాగం కనుక అది ప్రమాణం కాదు.

చైను లూజు

స్ప్లెండరు చైను చుట్టూ రేకు కవరు ఉంటుంది. కంపెనీ దాన్ని దుమ్ము పడకుండా పెట్టింది. యజమాని చూపు పడకుండా కూడా అది పనికొచ్చింది. కవరుకు చిన్న రబ్బరు బిరడా ఉంటుంది, తీసి వేలు పెట్టి చైనును పైకీ కిందికీ ఆడిస్తే రెండు మూడు సెంటీమీటర్ల ఆట ఉండాలి. ఆపైన ఉంటే కవరుకు కొట్టుకుని గలగలలాడుతుంది. స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగితే చైను ఒక్కదాన్నే మార్చడం దండగ, చైనూ రెండు స్ప్రాకెట్లూ కలిపి సెట్టుగా వేయించాలి. ఇక్కడ ఇంతే.

లైటు డిమ్

టీక: లైటు = ముందు దీపము; డిమ్ = మినుకుమినుకుమనునది.

పూర్వపక్షం (యజమాని): ఇది దోషం కాదు, స్వభావం. ఈ తరం స్ప్లెండరులో ముందు దీపానికి కరెంటు బ్యాటరీ నుంచి రాదు, ఇంజనుతో పాటు తిరిగే మ్యాగ్నెటో నుంచి నేరుగా వస్తుంది. ఇంజను ఐడిలింగులో ఉంటే దీపం ఎర్రగా, రేజ్ చేస్తే తెల్లగా. కార్యాలయం ముందు నిలబెట్టి చూస్తే ఎవరి దీపమైనా డిమ్మే. రేజ్ చేయనిచ్చారా?

ఈ పూర్వపక్షం బలమైనది. వ్యాఖ్యాత దీన్ని తేలిగ్గా తోసిపుచ్చలేడు, ఎందుకంటే ఇందులో చెప్పినదంతా నిజం.

సిద్ధాంతం: అయినా రేజ్ చేసి చూడాలి. రేజ్ చేసినా గోడ మీద చంద్రవంకంత పసుపు మచ్చే పడితే దోషం మ్యాగ్నెటోలో లేదు, దీపం గిన్నెలో ఉంది. లోపల వెండిపూత నల్లబడి ఉంటుంది, హోల్డరు దగ్గర తుప్పు ఉంటుంది. బల్బు ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, డూమే మార్చాలి. ఇక లోబీములో ఎదుటివాడి కళ్లలోకి, హైబీములో చెట్ల కొమ్మల్లోకి కొట్టే దీపం ఎంత వెలిగినా డిమ్ము కిందే లెక్క అని వ్యాఖ్యాత మతం.

హారన్ వీక్. ఇండికేటర్లు పని చేయవు. స్టాప్ లైటు వెలగదు

ఈ మూడు వాక్యాలకూ మీమాంసకుల పద్ధతిలో ఏకవాక్యత చెప్పాలి. మూడు దోషాలు కావు, ఒకే దోషం: బ్యాటరీ పోయింది. ఈ బండిలో నిప్పురవ్వకు బ్యాటరీ అక్కర్లేదు కనుక చచ్చిన బ్యాటరీతో కూడా కిక్కు కొడితే ఇంజను పలుకుతుంది. యజమానికి బ్యాటరీ చనిపోయిన కబురు అందదు. హారను గొంతు బొంగురుపోతుంది, ఇండికేటరు ఒకసారి వెలిగి ఆలోచనలో పడుతుంది, వెనకవాడికి మనం ఆపుతున్న సంగతి తెలియదు. ప్రమాణం ప్రకారం ఇండికేటరు నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరాలి. ఇది తెలిసినవాడు కార్ఖానాల బయట అరుదు.

ఏకవాక్యత తెలియని యజమాని ఒక్కో వాక్యానికి ఒక్కో షాపు తిరుగుతాడు. మొదట హారను మారుస్తాడు. అదీ కుక్కపిల్లలా కుయ్యిమనేదో, బస్సులా బహుస్వరాలు పలికేదో తెస్తాడు. బహుస్వర హారనును 119వ నిబంధన ఒప్పుకోదు. ఒక దోషం తీసి ఇంకో దోషం తెచ్చినట్టయింది.

అద్దాలు లేవు

ఉన్నవి. అటక మీద, కొన్న రోజున కట్టిన పాలిథీను సంచిలోనే.

చీర గార్డు లేదు

టీక: చీర = స్త్రీల వస్త్రము; గార్డు = రక్షకము. చీరను చక్రము నుండియు, ధరించినవారిని చీర నుండియు కాపాడునది.

మన దేశపు రోడ్డు కోసం, మన దేశపు కట్టు కోసం పుట్టిన నిబంధన ఇది. 123వ నిబంధన ప్రకారం మోటారు సైకిలుకు మూడు ఉండాలి: వెనక కూర్చున్నవారు పట్టుకోవడానికి పట్టు, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, దుస్తులు చిక్కకుండా వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే రక్షణ. బండి కొన్న ఏడాదిలోగా దీన్ని కుర్రాళ్లు పీకేస్తారు, "లుక్ పోతోంది" అని. ఆ లుక్కు చూసేది వాళ్లే. వెనక ఒక పక్కకు కూర్చుని, పసిపిల్లను ఒళ్లో పెట్టుకుని, కొంగు గాలికెగిరితే పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేని మనిషికి అది ఏమిటో తెలుసు. చున్నీ ఊచల్లో చిక్కి మెడకు బిగిసిన వార్తలు జిల్లా పేజీల్లో చదవని తెలుగువాడు ఉండడు. ఈ వాక్యం మీద వ్యాఖ్యాత హాస్యమాడడు. ముందుకు పోదాం.

పొగ కలదు

పాఠాంతరం: మెకానిక్కుల ప్రతిలో "బోరుకొచ్చింది" అని ఉంది.

ఇక్కడ మతభేదాలు మెండు. యజమాని మతం అనాదివాదం: ఈ పొగ ఎప్పుడు మొదలైందో తెలియదు, కనుక మొదలే లేదు, కనుక ఎప్పుడూ ఇంతే. పొల్యూషన్ బండివారి మతం సంఖ్యావాదం: సైలెన్సరులో గొట్టం పెడితే ఐడిలింగులో కార్బన్ మోనాక్సైడు 3.5 శాతం లోపు, హైడ్రోకార్బన్లు 4500 పీపీఎం లోపు వస్తే పాసు. 2000 మార్చి తర్వాత తయారైన పాత తరం నాలుగు స్ట్రోకుల బళ్లకు ఇవే హద్దులు, ఇలాంటి పాత బండికి ఆ పాసు కాగితం ఆర్నెల్లు చెల్లుతుంది. మెకానిక్కు మతం వర్ణవాదం, మూడింటిలోనూ ఇదే మన్నికైనది. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువ కాలుతోంది: ఎయిర్ ఫిల్టరు కడగాలి, కార్బొరేటరు చూడాలి. నీలిఛాయ ఉన్న తెల్లపొగ అయితే ఇంజనాయిలు కాలుతోంది. అందులోనూ పొద్దున స్టార్టు చేయగానే ఒక్క బుస్సుమని ఆగిపోతే వాల్వు సీళ్లు, రేజ్ చేసినంతసేపూ వస్తూనే ఉంటే పిస్టను రింగులు, బోరు. మొదటిది చిన్న ఖర్చు, రెండోది ఇంజను దింపే ఖర్చు. చలికాలం ఉదయం సైలెన్సరు చివర కాసేపు కనిపించే పల్చని తెల్లావిరి వట్టి నీటి ఆవిరి, దానికి ఎవరూ డబ్బు ఇవ్వనక్కర్లేదు.

స్ప్లెండరు ఇంజనులో పట్టే ఆయిలు లీటరుకు మించదు. అందులో కొంత కాలిపోతుంటే, మార్చే గడువు రాకముందే మిగిలింది అడుగంటుతుంది. ఆయిలు స్టిక్కు తీసి చూడని యజమానికి ఆ సంగతి ఇంజను పట్టేసినప్పుడు తెలుస్తుంది.

ఛాసిస్ నం. తుప్పు

మిళింద మహారాజును భిక్షువు నాగసేనుడు అడిగాడట: రథమంటే ఏమిటి, చక్రాలా, ఇరుసా, నొగలా? ఏ ఒక్కటీ కాదని తేల్చి, రథమన్నది వట్టి పేరని రాజు చేత ఒప్పించాడు. రవాణా శాఖ ఈ వాదాన్ని అంగీకరించదు. టైర్లు మారాయి, చైను మారింది, సీటు మారింది, రంగు మారింది, రేపు ఇంజనూ మారవచ్చు (మార్చితే చెప్పాలి). మారనిది హ్యాండిలు కింద ఫ్రేము మెడ మీద కొట్టిన 17 అక్షరాల నంబరు. బండి అంటే అదే. తెల్లకాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే అక్షరాలు తేలాలి. ఒకటితో, సున్నాతో పొరబడకుండా ఆ నంబరులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు వాడరు. తుప్పుకు ఈ నియమం తెలియదు కనుక అన్నిటినీ ఒకే అక్షరం చేస్తుంది.

హెచ్చరిక: తుప్పు పోగొట్టాలని ఉప్పు కాగితంతో గట్టిగా రుద్దరాదు. తుప్పుతో పాటు నంబరూ పోతే తత్త్వచర్చ ముగిసి పోలీసు విచారణ మొదలవుతుంది. కాస్త కిరసనాయిలు, మెత్తని బ్రష్షు, ఓపిక చాలు.

సరిచేసి తేవలెను

టీక: సరి చేసి = పైదోషములను బాపి; తేవలెను = (బండిని) మరల తీసుకొనిరావలయును. విధ్యర్థకము.

కార్యాలయం గేటు బయట చెట్టుకింద ఒక ఏజెంటు మతం ఉంది, అందులో ఈ వాక్యానికి భిన్నమైన అన్వయం చెబుతారు. ఆ మతంలో దోషమనేది బండిలో లేదు, కాగితంలో ఉంది. కాగితంలోని దోషం కాగితంతోనే పోతుంది. కాబట్టి "తేవలెను" అన్న క్రియకు కర్మ బండి కాదు. "బండెందుకన్నా, నువ్వెందుకన్నా, ఆర్సీ ఒక్కటి ఇచ్చిపో" అని ఆ శాఖవారి మహావాక్యం. ఈ అన్వయం వ్యాకరణానికి పొసగదు. పొసగినా, ముందు బ్రేకు ఈ అన్వయంతో పడదు.

యజమాని మాత్రం ఏం చేస్తాడు? నంబరు తుడిచి, అటక మీది అద్దాలు దించి బిగిస్తాడు. కొత్త హారను పెట్టిస్తాడు. చైను బిగింపిస్తాడు. ఆఖర్న టైము లేక ముందు బ్రేకు కేబులు నట్టు రెండు చుట్లు తిప్పి "టైటు చేశా సార్" అంటాడు. కింది నుంచి పైకి చదవడమంటే ఇదే. బ్రేకిన్‌స్పెక్టరు ఆ రోజు తొందరలో ఉంటే పాసూ అవుతుంది. పాసయిన బండీ ఆగే బండీ ఒకటే కానక్కర్లేదని ఈ వ్యాఖ్యాత తీర్పు. మూలాన్ని కవి రాసిన వరసలోనే చదవాలి: బ్రేకు, టైరు, తరువాతే తక్కినవి. చేతిలో డబ్బు రెండింటికే ఉంటే ఆ రెండే చేయించి, తక్కినవాటికి అప్పు తీసుకోవచ్చు.

ఫలశ్రుతి

ఈ మూలాన్ని వరసగా పాటించినవారికి అయిదేళ్ల పొడిగింపు లభిస్తుంది. గడువు తీరడానికి 60 రోజుల ముందు నుంచీ ఫారం 25 పెట్టుకోవచ్చు. 15 ఏళ్లు దాటిన మోటారు సైకిలుకు 2022 ఏప్రిల్ నుంచి రెన్యువలు రుసుము 1000 రూపాయలు; 20 దాటినవాటికి 2025 ఆగస్టులో దాన్ని 2000 చేశారు. గ్రీన్ టాక్సు, సేవా రుసుము రాష్ట్రానికో లెక్క. ముందు బ్రేకు కేబులు ఖరీదు వీటన్నిటికంటే తక్కువ.